మాట పూర్తయ్యేదాకా

పొయ్యి మీద టీ మరుగుతుంటే, గిన్నెకి జానెడు దూరంలో ఫోను పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది పిట్ట.

"గిన్నెకేం ఫొటో తీస్తావే, అదేమన్నా పారిపోతుందా?" అంది అత్తగారు, బల్ల దగ్గర రొట్టె ముక్కకి వెన్న రాసుకుంటూ.

"ఫొటో కాదత్తయ్యా, చప్పుడు. మరిగే చప్పుడు రికార్డు చేస్తున్నాను. ఇదిగో, మీరు మాట్లాడి పాడుచేశారు."

"టీ మరిగే చప్పుడు ఎవరు వింటారు?"

"వింటారట. బొమ్మ బాగాలేకపోయినా జనం ఓర్చుకుంటారు కానీ, చప్పుడు బాగాలేకపోతే లేచిపోతారట. మా ట్రైనర్ చెప్పింది."

"నీ చప్పుడు ఇన్నేళ్ళుగా ఓర్చుకుంటున్నాం. మరి మాకేమిస్తారట?" అంది ముసలావిడ. మనవరాలు ఫక్కున నవ్వింది.

పిట్టకి ఆ పేరు ఊరికే రాలేదు. పసితనంలో ఎవరో ఆమెకి వస కాస్త ఎక్కువే పోసి ఉంటారని పుట్టింట్లో అనుకునేవారు. వసపిట్ట అని మొదలైన పిలుపు పెళ్ళినాటికి అరిగి పిట్టగా మిగిలింది. పత్రికాఫీసులో పిట్టక్క. ఇరవై ఏళ్ళకి పైగా విలేకరి. నీళ్ళ పైపులు, రోడ్ల గుంతలు, కోర్టు వాయిదాలు, ఏదైనా ఆమె రాసిందంటే దిద్దేవాళ్ళకి పని ఉండేది కాదు. అలాంటి మనిషిని ఇప్పుడు మళ్ళీ బడిలో కూర్చోబెట్టారు. పేపరు ఇక శని, ఆదివారాలే అచ్చవుతుందనీ, మిగతా రోజుల్లో వార్త ఫోన్లోకి పోతుందనీ, అందుకని విలేకర్లంతా గొంతు, చప్పుడు, ఫొటో, వీడియో, రాత కలిపి కథ చెప్పడం నేర్చుకోవాలనీ యాజమాన్యం చెప్పింది. నేర్చుకోలేని వాళ్ళని అచ్చుతప్పులు దిద్దే విభాగానికి పంపుతారు. ఆ విభాగంలోంచి ఇంకెక్కడికి పంపుతారో అందరికీ తెలుసు.

ఆమె టీ వడకడుతుండగా భర్త వచ్చి కూర్చున్నాడు. ఆయన లిఫ్టుల మెకానిక్. నీలం యూనిఫాం, భుజాన పనిముట్ల సంచి. సంచి కిందపెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఇ... ఇవాళ సా... సా..."

"సాయంత్రం ఆలస్యమవుతుందా? సరే, తాళంచెవి తీసుకెళ్ళండి," అంది పిట్ట.

ఆయన ఒక్క క్షణం అలాగే ఉండి, తలూపి, టీ గ్లాసు అందుకున్నాడు. కూతురు తండ్రి వంక, తల్లి వంక చూసింది. ఏదో అనబోయి, కాలేజీకి టైమవుతోందని లేచి వెళ్ళిపోయింది.

ఆయనకి చిన్నప్పటినుంచీ నత్తి. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు పిట్టని పక్కన కూర్చోబెట్టుకుని, "వాడికి మాట తడబడుతుందమ్మా. నలుగుర్లో నగుబాటవుతాడు. దేవుడు నీకు రెండు నోళ్ళిచ్చినట్టున్నాడు, ఒకటి వాడికివ్వు," అని చెప్పింది. పిట్ట ఇచ్చేసింది. బస్సులో టిక్కెట్టు అడగడం, డాక్టరుకి నొప్పి చెప్పడం, కూతురి బడిలో పంతుళ్ళతో మాట్లాడటం అన్నీ ఆమే. ఆయన సగం అంటే చాలు, మిగతా సగం ఆమె నోట్లో సిద్ధంగా ఉండేది. చాలాసార్లు సరిపోయేది కూడా. ఆయనకి తను చేసే సేవల్లో అదే పెద్దదని ఆమె నమ్మకం.

*

శిక్షణ గది పత్రికాఫీసు పై అంతస్తులో ఉంది. ఒకప్పుడు కాగితం చుట్టలు పెట్టే గోదాం. ఇప్పుడు కంప్యూటర్లు పెట్టినా కాగితం వాసన పోలేదు. ట్రైనర్‌కి ముప్ఫై దాటి ఉండవు. కత్తిరించిన జుట్టు. టీవీ కెమెరా మోసి మోసి ఒక భుజం కాస్త కిందికి దిగి ఉంటుంది. పిట్ట ఆమెని ఎదురుగా మేడమ్ అనేది, మనసులో మాత్రం 'ఈ పిల్ల' అనుకునేది.

ఈ పిల్ల చెప్పే సంగతులు మొదట్లో చాదస్తంగా అనిపించినా, రానురాను పిట్టకి రుచి తగిలింది. ముందు దూరం నుంచి చోటు చూపించాలి, తర్వాత మనిషిని, ఆ తర్వాత మనిషి చేతుల్ని. బొమ్మలో కనిపిస్తున్నదాన్ని రాతలో మళ్ళీ చెప్పకూడదు. మనిషి మాట్లాడుతుంటే ఆఁ, ఊఁ అనకూడదు, తలూపితే చాలు.

"మీరు ఆమె కంటతడి పెట్టుకుంది అని రాసేస్తారు," అంది ట్రైనర్ ఒకరోజు. "ఇక్కడ అలా కుదరదు. ఆమే పెట్టుకోవాలి. అప్పుడు మీరక్కడ ఉండాలి, నోరు మూసుకుని."

అన్నిటికన్నా పిట్టకి కష్టమైంది గది నిశ్శబ్దం. ఇంటర్వ్యూ అయ్యాక లేచిపోకుండా, ఎవరూ మాట్లాడకుండా, గదిని ఊరికే కాసేపు రికార్డు చెయ్యాలి. ఒక్కో గది నిశ్శబ్దం ఒక్కోలా ఉంటుందట. మాటలు కత్తిరించిన చోట అతుకు వెయ్యడానికి ఆ గదిదే కావాలట. పిట్ట ప్రతిసారీ మధ్యలో దగ్గేది, లేకపోతే 'అయిందా?' అని అడిగేది. తోటి విలేకర్లు నవ్వేవాళ్ళు.

చివరి పరీక్ష ఒక్కటే. పని చేసుకునే మనిషి ఒకరి మీద నాలుగైదు నిమిషాల కథ. పిట్ట నీళ్ళ శాఖ ఇంజనీరుని ఒప్పించుకుంది. తీరా వెళ్ళే రోజు ఆయన మీటింగుందని తప్పించుకున్నాడు. తలపట్టుకు కూర్చున్న తల్లితో, "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతుకుతావేంటమ్మా? నాన్నని తియ్యి," అంది కూతురు.

ఆయన్ని అడిగితే వెంటనే తలూపాడు. మర్నాడు యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని, తల నున్నగా దువ్వుకుని బయల్దేరాడు. అది చూసి పిట్టకి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పనిచేసే చోటు తనెప్పుడూ చూడలేదన్న సంగతి మాత్రం, ఆ పాత భవనం కప్పు మీదికి ఇనుప నిచ్చెన ఎక్కుతున్నప్పుడే తట్టింది.

మోటారు గది ఇరుకుగా, వేడిగా ఉంది. నూనె వాసన. పెద్ద చక్రం మీదుగా ఉక్కు తాళ్ళు జారిపోతుంటే సన్నటి ఈల లాంటి శబ్దం. పిట్ట ఆయన కాలరుకి, ఫోనుతో పనిలేకుండా దానంతటదే రికార్డు చేసుకునే చిన్న మైకు తగిలించి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసింది. ఆయన తాళ్ళని గుడ్డతో తుడవడం, లైటు పళ్ళతో కరిచి పట్టుకుని కిందికి చూడటం, పని మొదలుపెట్టే ముందు కరెంటు ఆపే మీట కిందికి లాగి, లాగానా లేదా అని మళ్ళీ చెయ్యి పెట్టి చూసుకోవడం, అన్నీ తీసింది. తర్వాత ఒక పెట్టె మీద కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది.

"ఈ పనిలో మీకు బాగా ఇష్టమైందేంటి?"

"నా... నాకు... నే... నేర్ప..."

"నేర్పు. నేర్పుతో చెయ్యాల్సిన పని కాబట్టి ఇష్టం. అంతేగా?"

ఆయన నవ్వాడు. "ఆఁ. అ... అదే."

*

ట్రైనర్ కథంతా చూసి, హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుంది.

"బొమ్మలు బాగున్నాయి. చప్పుళ్ళు ఇంకా బాగున్నాయి. మీ రాత గురించి చెప్పక్కర్లేదు. కానీ ఆయన ఏరి?"

"అంతా ఆయనే కదా?"

"ఆయన చేతులున్నాయి. మాట లేదు. కథంతా మీ గొంతే చెప్తోంది."

"ఆయనకి నత్తి ఉంది మేడమ్," అంది పిట్ట గొంతు తగ్గించి. "పదిమందిలో పలచన చెయ్యడమెందుకని ఆ ముక్కలన్నీ తీసేశాను. పేపర్లో అయినా అంతేగా, ఎవరి తడబాటూ అచ్చెయ్యం."

"తీసెయ్యమని ఆయన అడిగారా?"

ట్రైనర్ కత్తిరించని రికార్డు తెరిచి, ఒకచోట ఆపి, మళ్ళీ వినిపించింది. నే... నేర్ప... వెంటనే పిట్ట గొంతు. తర్వాత చిన్న ఊపిరి. తర్వాత, అదే.

"ఇక్కడ ఆయన ఏం చెప్పబోయారు?"

"నేర్పు కావాలని."

"కాదేమో. మీరు ఆ మాట అందించాక ఊపిరి ఎలా వదిలారో వినండి. మాట దొరికిన మనిషి అలా వదలడు. మాట పోగొట్టుకున్న మనిషి వదులుతాడు."

పిట్ట మేడమ్ అనడం మరిచిపోయింది. "దాదాపు నీ వయసంత కాపురం చేశానమ్మా ఆయనతో. ఆయన మనసులో మాట ఆయనకన్నా ముందు నాకు తెలుసు."

ట్రైనర్ వాదించలేదు. "అయితే ఇంటికెళ్ళి అడగండి మేడమ్. నాది తప్పయితే ఒప్పుకుంటాను. కానీ దీన్ని ఇలాగే పాస్ చెయ్యలేను."

పిట్ట ఆ కోపంతోనే ఇంటికొచ్చింది. ఆయన అప్పటికే వచ్చి, బల్ల దగ్గర తల్లికి మందులు విడదీసి ఇస్తున్నాడు. కూతురు చదువుకుంటోంది. పిట్ట సంచి కుర్చీలో పడేసి జరిగిందంతా ఏకరువు పెట్టింది.

"నిన్న గాక మొన్నొచ్చిన పిల్ల నాకు మా ఆయన గురించి పాఠం చెప్తోంది. మీరే చెప్పండి. మీరు అనబోయింది నేర్పు అనేగా?"

"కా..."

"కాస్త గట్టిగా చెప్పండి. మీ అమ్మాయి కూడా వింటుంది."

"కా..."

"కాకపోతే మరింకేంటి? నేర్పు అని నేనే..."

ఆయన అరచేయి బల్ల మీద పడింది. గట్టిగా ఏం కాదు. గ్లాసులో నీళ్ళు కదిలాయి, అంతే. కానీ ఆ ఇంట్లో ఆయన చేసిన అలాంటి చప్పుడు ఎవరూ ఎప్పుడూ విని ఉండలేదు.

"ఆ... ఆగు," అన్నాడు.

పిట్ట ఆగింది.

"నే... నేర్పించడం." నుదుటి మీద నరం ఉబ్బింది. కళ్ళు ఒకసారి మూసుకుని తెరిచాడు. "నాకు నే... నేర్పించడం ఇ... ఇష్టం. అది అన్నాను." మళ్ళీ ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె పెదాలు కదలబోవడం చూసి చెయ్యి ఎత్తాడు. "కొ... కొత్తవాళ్ళకి పాఠం చెప్పమని న... నన్ను అడిగారు. నువ్వు ఫో... ఫోన్లో వద్దన్నావు."

పిట్టకి గుర్తొచ్చింది. కిందటి నెలలో ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. కొత్తగా చేరినవాళ్ళకి వారానికోసారి తరగతి పెడుతున్నామనీ, ఈయనైతే బాగుంటుందనీ అన్నాడు. "ఆయనకి మాట్లాడే పనులొద్దండీ, ఇబ్బంది పడతారు," అనేసింది తను. తర్వాత చేతిసంచిలో పెన్ను వెతుక్కుంటూ, "మీ సూపర్‌వైజర్ చేశాడు, పాఠాలు చెప్పమని. మీకెందుకులే అని చెప్పేశాను," అంది. ఆయన తలూపాడు.

"మీరప్పుడు తలూపారుగా."

"చె... చెప్పేశాక చెప్తే... ఊ... ఊపక ఏం చెయ్యను?"

"నలుగురూ నవ్వుతారనే కదా నేను..."

"న... నవ్వనీ. నవ్వేది న... నన్ను కదా. నే... నేను చూసుకుంటాను."

"దాన్నంటావేంరా," అంది అత్తగారు సన్నగా. "నేను చెప్పబట్టే కదా అది..."

"తె... తెలుసమ్మా," అన్నాడాయన. చెప్పులేసుకుని బయటికి నడిచాడు. తలుపు మెల్లగానే వేశాడు.

కూతురు పుస్తకం మూసి, "ఆ రోజు పొద్దున్న టీ దగ్గర కూడా సాయంత్రం ఆలస్యమని కాదమ్మా," అంది. "సార్‌తో మాట్లాడతాను, నువ్వు వద్దన్నదాన్ని మళ్ళీ అడుగుతాను అని చెప్పబోయాడు. మధ్యాహ్నం నాకు మెసేజ్ పెట్టాడు. నువ్వు తాళంచెవి ఇచ్చేసరికి అడగబుద్ధి కాలేదట."

"నీకు మెసేజీలు పెడతారా?"

"పేజీలకి పేజీలు. జోకులు కూడా వేస్తాడు."

"నాకెప్పుడూ పెట్టరేం?"

"నీకు పెడితే నువ్వు వెంటనే ఫోన్ చేస్తావు కదమ్మా."

*

ఆ తర్వాత ఇంట్లో గొడవేం లేదు. ఆయన మామూలుగానే పనికి వెళ్తున్నాడు, కూరలు తెస్తున్నాడు, తల్లికి మందులిస్తున్నాడు. కోపంగా కూడా లేడు. ఒకటే తేడా, వాక్యం మొదలుపెట్టడం మానేశాడు. అవసరమైతే చెయ్యి చూపిస్తున్నాడు. ఇంట్లో పిట్ట గొంతు ఒక్కటే మోగుతోంది. రెండు రోజులకి ఆ మోత ఆమెకే వినిపించడం మొదలైంది. ఇన్నాళ్ళూ ఇద్దరం మాట్లాడుకుంటున్నాం అనుకున్నదంతా ఇదేనా అనిపించింది.

ఆదివారం పొద్దున, ఆయన వరండాలో బూట్లు తుడుచుకుంటుండగా, పిట్ట పడగ్గదిలో మంచం మీద కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. మోటారు గది రికార్డు మొదటినుంచీ వినాలనుకుంది. కథ కోసం కాదు. ట్రైనర్‌ది తప్పని నిరూపించే ముక్క ఒక్కటైనా దొరుకుతుందేమోనని కూడా మనసులో ఓ మూల ఆశ ఉండింది.

దొరకలేదు. హెడ్‌ఫోన్స్‌లో ఆయన గొంతు చెవిలో కూర్చుని మాట్లాడుతున్నంత దగ్గరగా ఉంది. పక్కన కూర్చున్నప్పుడు ఎప్పుడూ అంత దగ్గరగా విన్నట్టు లేదు. 'మా మే...' అన్నాడాయన. 'మేడ మీద ఎండగా ఉంటుంది, అవును,' అంది తన గొంతు. మేస్త్రీ గురించేమో? తొలిరోజుల్లో పని నేర్పిన మేస్త్రీ అంటే ఆయనకి ప్రాణమని అత్తగారు అంటుంటుంది. 'భ...' అన్నాడు. 'భయమేస్తుందా?' అంది తను. భయమో, భలే అనబోయాడో, భార్య గురించి ఏమన్నా చెప్పబోయాడో! ప్రతి చోటా అదే చిన్న ఊపిరి, అదే 'ఆఁ, అదే'. తను తలుపు మూసిన ప్రతిసారీ ఆయన అవతల నిలబడి, పర్లేదులే అని వెనక్కి తిరిగిపోతున్నట్టుంది.

ఇంటర్వ్యూ అయిపోయింది. ఇక గది నిశ్శబ్దం. అప్పుడు తను కూర్చోలేక, మైకు ఆయన కాలరుకే వదిలేసి, బయట కప్పు మీంచి వీధుల ఫొటోలు తీయడానికి వెళ్ళిపోయింది. ఆ భాగం ఎలాగూ పనికిరాదని విననే లేదు. ఇప్పుడు వింటోంది. మోటారు హోరు. ఆయన లేచిన అలికిడి. గుడ్డ దులిపిన శబ్దం. తర్వాత మాట.

"ఇలా రండి. అందరికీ కనిపిస్తోందా? ముందు మీట కిందికి లాగాలి. లాగాక చెయ్యి పెట్టి చూసుకోవాలి. లాగాననుకోవడం వేరు, లాగడం వేరు."

ఎవరితో మాట్లాడుతున్నాడు? ఆ గదిలో ఇంకెవరూ లేరు.

"తొందరేం లేదు. అడగండి. తె... తెలియకపోతే అడగడంలో సిగ్గు లేదు. మా మేస్త్రీ నేను ఎన్నిసార్లు అడిగినా చెప్పేవాడు. నా... నాకు మాట రావడానికి టైం పడుతుంది. మీరు కాస్త ఆగాలి. ఆగితే అన్నీ చెప్తాను."

తర్వాత అడుగుల చప్పుడు, 'అయిందండీ, పదండి' అంటున్న తన గొంతు. రికార్డు ఆగిపోయింది.

పిట్ట హెడ్‌ఫోన్స్ తీయలేదు. కళ్ళనుంచి నీళ్ళు కారి గడ్డం కిందికి వస్తున్నా తుడుచుకోలేదు. లేని పిల్లల్ని ఎదురుగా నిలబెట్టుకుని, ఖాళీ గదిలో, ఆయన తన తరగతి తను చెప్పుకున్నాడు. ఆ తరగతిని తను స్నానాల గది తలుపు ఇవతల నిలబడి వద్దనేసింది.

చాలాసేపటికి లేచి వరండాలోకి వెళ్ళింది. ఆయన ఎదుట నేల మీద కూర్చుంది.

"ఆ రోజు నేను మైకు తియ్యకుండా గది బయటికెళ్ళాను," అంది. "మీరు పాఠం చెప్పుకున్నది రికార్డయింది. మిమ్మల్ని అడక్కుండా విన్నాను. తప్పే. ఫోన్లో వద్దనడమూ తప్పే. అదీ ఇదీ కూడా మిమ్మల్ని అడగాల్సింది."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో బూటు తిప్పుతూ చాలాసేపు ఉన్నాడు. పిట్ట నోట్లోకి మాటలు వరసగా వచ్చి నిలబడ్డాయి. పళ్ళు బిగించి ఒక్కటీ బయటికి రానివ్వలేదు. ఇరవై ఏళ్ళ వృత్తిలో అంత కష్టమైన పని చేసిన గుర్తు లేదామెకి.

"రే... రేపు పొద్దున్న," అన్నాడాయన చివరికి, "సూపర్‌వైజర్‌కి నే... నేనే ఫోన్ చేస్తాను. నువ్వు ప... పక్కన కూర్చో. కా... కానీ..."

పిట్ట చూస్తూ ఉంది.

"నో... నోరు మెదపకు."

"మెదపను," అంది పిట్ట.

*

నత్తి ఉన్నవాళ్ళకి ఎదుటి మనిషితో మాట్లాడటం కన్నా ఫోన్లో మాట్లాడటం కష్టం. అవతలివాళ్ళకి మొహం కనపడదు. మాట ఆగితే లైను తెగిందనుకుంటారు. సోమవారం పొద్దున్న ఆయన నంబరు నొక్కి ఫోను చెవిన పెట్టుకుంటే, పిట్ట తన రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. వదిలితే అవి ఫోను లాక్కునేట్టున్నాయి.

"సా... సార్, నే... నే..."

అవతలి గొంతు ఏదో గబగబా అంది. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. అవతలి గొంతు మళ్ళీ అడ్డొచ్చింది. ఆయన మొహం కందిపోయింది. ఒక్కసారి పిట్ట వైపు చూశాడు. పాత అలవాటు. ఆమె కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసింది, కానీ కదల్లేదు.

"ఆ... ఆగండి సార్," అన్నాడాయన. "న... నన్ను పూర్తి చెయ్యనివ్వండి. త... తరగతి నేను చెప్తాను. మా ఇం... ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. నే... నేను వద్దనలేదు."

తర్వాత విన్నాడు. సరే సార్, సరే సార్ అన్నాడు. ఫోను పెట్టేసి చొక్కా చెయ్యితో మొహం తుడుచుకున్నాడు. ఈ విడత తరగతి అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారట. ముందు వెళ్ళి ఆ తరగతిలో కూర్చోమన్నారు, సగం పాఠం చెప్పి చూడమన్నారు. కుదిరితే వచ్చే విడత ఈయనదే. పిట్టకి సూపర్‌వైజర్ మీద కోపం వచ్చింది. సగమేంటి అనబోయింది. ఆయన మొహం చూసి మానేసింది. ఆ మొహానికి సగం కూడా చాలా ఎక్కువలా ఉంది.

"మీ కథ మళ్ళీ చేస్తాను," అంది ఆ సాయంత్రం. "ఒప్పుకుంటేనే. మీరొక్కరే చెప్పుకున్న పాఠం కూడా, మీరు సరేనంటేనే వాడతాను. వద్దంటే ఇప్పుడే చెరిపేస్తాను."

ఆయన ఆలోచించుకోవడానికి రెండు రోజులు తీసుకున్నాడు. పిట్ట గుర్తుచెయ్యలేదు. మూడో రోజు టీ తాగుతూ, "వా... వాడుకో," అన్నాడు. "న... నత్తి మాత్రం కొయ్యకు."

కొయ్యలేదు. మోటారు గదికి మళ్ళీ వెళ్ళి, ఆ ప్రశ్నే కొత్తగా అడిగి తీసింది. కొత్త కథలో పిట్ట గొంతు ఒక్కచోటే వినిపిస్తుంది, ప్రశ్న అడిగినప్పుడు. తర్వాత ఆయన మాట ఆగిపోతుంది. తాళ్ళు జారుతుంటాయి, చక్రం తిరుగుతుంటుంది, ఆయన కళ్ళు మూసుకుంటాడు, తెరుస్తాడు. మాట వస్తుంది. ట్రైనర్ చూసి, "ఆ ఆగిన చోట కత్తిరించాలని అనిపించలేదా?" అని అడిగింది.

"చాలాసార్లు అనిపించింది," అంది పిట్ట.

ట్రైనర్ నవ్వి, పాస్ అని రాసుకుంది. ఆ నవ్వుకి పిట్ట మనసులో కూడా ఆమెని మేడమ్ అనేసింది.

*

ఇంట్లో చూపించాలని ఆదివారం అందర్నీ కూర్చోబెట్టింది పిట్ట. కూతురు ఫోన్లోని బొమ్మని టీవీలోకి ఎక్కించింది. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని ముందుకి జరిగి కూర్చుంది. ఆయన మాత్రం గుమ్మానికి ఆనుకుని, ఏ క్షణమైనా జారుకోవడానికి వీలుగా నిలబడ్డాడు.

కథ మొదలైంది. కొడుకు మాట తడబడినప్పుడల్లా ముసలావిడ పెదాలు ముందే కదిలేవి. తర్వాత తర్వాత ఆగిపోయాయి. చివర్లో ఖాళీ గదిలో ఆయన గొంతు, ఆగితే అన్నీ చెప్తాను అని అన్నప్పుడు, ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"నువ్విన్ని మాటలు ఒక్కసారిగా అనడం నేనెప్పుడూ వినలేదురా," అంది. "ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేం?"

ఆయన నవ్వాడు. "అం... అందరూ అడిగేవాళ్ళు. ఆ... ఆగేవాళ్ళు కాదు."

అందులో నిష్ఠూరం లేదు. అందుకే ఆవిడకి ఎక్కువ తగిలింది. కాసేపు చీరంచు నలుపుకుంటూ కూర్చుని, "అయితే ఒకటడుగుతాను," అంది. "నీ చిన్నప్పుడు ఓ రోజు బడినుంచి ఏడుస్తూ వచ్చావు. తరగతిలో పద్యం చెప్పమన్నారన్నావు. ఆ పైన ఏమీ అననివ్వలేదు నేను. తిన్నగా వెళ్ళి ఆ మాస్టారుని నానా మాటలూ అని వచ్చాను. పిల్లాణ్ణి నలుగుర్లో నిలబెట్టి నవ్వులపాలు చేస్తావా అని. అసలా రోజు ఏమైందిరా?"

ఆయన గుమ్మం వదిలి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ముగ్గురు ఆడవాళ్ళూ ఆయన్నే చూస్తున్నారు. పిట్ట నాలుక చివర నాలుగైదు ఊహలు వచ్చి వాలాయి. వాటినలాగే ఉంచింది.

"ప... పద్యం..." అన్నాడు. "చె... చెప్పానమ్మా."

"ఏంట్రా?"

"మొ... మొత్తం చెప్పాను. చా... చాలాసేపు పట్టింది. గం... గంట కొట్టారు. పిల్లలు లే... లేవబోయారు. మా... మాస్టారు లేవనివ్వలేదు. పూ... పూర్తయ్యేదాకా అందర్నీ కూ... కూర్చోబెట్టారు."

"మరి ఏడ్చావెందుకు?"

"సం... సంతోషమమ్మా."

ముసలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఆగిన ఒక్క మనిషినీ నేను తిట్టొచ్చానురా," అంది. అంటూనే నవ్వు వచ్చింది, నవ్వుతో పాటే ఏడుపూ వచ్చింది. కొడుకు తల మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుంది.

"ఏ పద్యం నాన్నా? ఇప్పుడు గుర్తుందా?" అంది కూతురు.

ఆయన తలూపాడు. గొంతు సవరించుకున్నాడు. మొదటి మాట దగ్గరే ఆగింది. పిట్ట టీవీ కట్టేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. పొయ్యి మీద ఏదో పొంగుతున్న చప్పుడైంది. ఎవరూ లేవలేదు.